ఏడో బావి గుర్రం, వెనక ఎడమకాలు

"బర్ల్, ఓ బర్ల్ హాకెట్, ఎక్కడ దాక్కున్నావయ్యా? నీ గుర్రం కథ వినాలని ఓ పెద్దావిడ వచ్చింది."

కాఫీ హోటల్ నడిపే మేవిస్ కిటికీలోంచి పిలిచిన పిలుపు అది. బర్ల్ దాక్కోలేదు. రోజూ కూచునే చోటే, వరండా మెట్ల మీద, బూటు మడమలకి గుర్రాన్ని అదిలించే ముళ్లచక్రాలు తగిలించుకుని కూచున్నాడు. తల తిప్పి చూశాడు. నీలం గౌను, నెరిసిన జుట్టు, మెడలో నల్లతాడుకి వేలాడే స్టాప్‌వాచీ. మొహం పోల్చుకోడానికి కాసేపు పట్టింది గానీ, ఆ వాచీని మాత్రం గుండె వెంటనే పోల్చుకుంది. ఆగస్టు నెల, పొద్దున్న పదకొండు గంటల ఎండ.

లియోటా ష్రేడర్. ముప్పై ఎనిమిదేళ్ల కిందట ఇక్కడే, ఈ ఎర్రకొండల మధ్య, 'ఏడో బావి' అనే సినిమా తీశారు. ఏ షాట్‌లో ఎవరి టోపీ ఎటు వంగిందో, ఎవరి గ్లాసులో ఎంత విస్కీ మిగిలిందో రాసిపెట్టుకుని, తర్వాతి షాట్‌లోనూ అలాగే ఉండేట్టు చూడడం ఆమె పని. ఆ సినిమాలో హీరో గుర్రం తెల్లకాలు ఉన్నట్టుండి ఎడమనుంచి కుడికి మారిపోయింది. ఆ తప్పు ఆమె నెత్తిన పడింది. మళ్లీ ఎవరూ ఆమెని పనికి పిలవలేదు. ఆ తప్పు ఆమెది కాదని తెలిసిన మనిషి ఒక్కడే. ఆ ఒక్కడూ, ఆ సినిమాలో గుర్రాలవాడు, ఇప్పుడు కాఫీ కప్పు పట్టుకుని మెట్ల మీద కూచున్నాడు.

రాక రాక ఆమె ఇవాళే ఎందుకొచ్చిందో అతనికి తెలుసు. ఆ ఊళ్లో ఏటా ఆగస్టులో ఒక పాత కౌబాయ్ సినిమా ఆడిస్తారు. చూసేవాళ్లంతా ఒళ్లో ఆవుమెడ గంట పెట్టుకుని కూచుంటారు. తెర మీద తప్పు కనపడగానే గంట మోగించాలి. ఎక్కువ తప్పులు పట్టినవాళ్లకి మేవిస్ పీచ్ పళ్లు పెట్టి కాల్చిన తీపిరొట్టె బహుమతి. ఈ ఏడు 'ఏడో బావి' వంతు. ఒంటిగంటకి ఆట.

వరండాలో అప్పటికే పదిమంది చేరారు. హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరైన ఓరిన్ ట్విచెల్ ఆమెకి కుర్చీ జరిపాడు. ఆమె కూచుంది. పేరు చెప్పలేదు. "చెప్పండి" అంది, అంతే.

చెప్పకపోతే ఆమె చెబుతుంది. అదీ బర్ల్ భయం. అందుకని గొంతు సవరించుకున్నాడు.

"చిన్న సంగతేలెండి, గొప్పేం కాదు. మొదటిరోజే హీరో బండ చాటునుంచి కాలుస్తున్నాడా, నేను గుర్రాల దగ్గర నిలబడి లెక్కపెడుతున్నా, ఆరు గుండ్లు పట్టే రివాల్వరు, ఏడోది పేలింది, ఎనిమిదోది పేలింది, పదకొండోది కూడా పేలింది, మధ్యలో ఒక్క గుండు నింపిన పాపాన పోలేదు. డైరెక్టరు దగ్గరికెళ్లి, అయ్యా, మీవాడి చేతిలో ఉన్నది తుపాకీ కాదు, గుడ్లుపెట్టే కోడి, అన్నాను."

"పోయినేడు తొమ్మిది గుండ్లన్నావు" అన్నాడు ఓరిన్. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. వాచీని బొటనవేలితో నిమురుతోంది.

"సరే, తుపాకుల సంగతి వినండి. కథ జరిగిందేమో పద్దెనిమిదివందల అరవై ఎనిమిదిలో, సైనికుల చేతిలో తుపాకులేమో తొంభై రెండులో పుట్టినవి, కావాలంటే ఓరిన్‌ని అడగండి. నేను చెప్పాను, ఎవరూ వినలేదు. ఆ సాయంత్రం ఎండ కొండ వెనక్కి దిగుతోంది, సామానంతా బండికెక్కించారు, నేనొక్కణ్ణే ఉన్నాను. లోయలోంచి ఒకడు నడిచొచ్చాడు. నీలంకోటు. ఇసకలో అడుగుపడుతోంది గానీ చప్పుడు లేదు. బండికి చేర్చిన తుపాకీ తీసుకుని, దాని గుండు ఎక్కించే లివరు కిందికీ పైకీ ఆడించి, ఇది మా చేతిలో ఉండుంటే మేం ఇళ్లకి వెళ్లేవాళ్లం కదా, అన్నాడు. వాడి కోటు గుండీల మధ్యనుంచి అవతలి కొండ కనపడుతోంది నాకు."

కప్పులో చెంచా తిప్పుతున్న చెయ్యి ఎవరిదో ఆగింది. రోజూ అయితే బర్ల్ ఇక్కడ కన్నుగీటి ఆపేసేవాడు. ఇవాళ ఆపలేకపోయాడు. మాటకీ మాటకీ మధ్య చిన్న సందు దొరికితే చాలు, ఆ నీలంగౌను అందులోంచి లోపలికి వచ్చేస్తుందనిపించింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాడు వాడు ఒక్కడే రాలేదు. నలభై మంది. ఆ లోయలో శత్రువుల ముట్టడిలో దాహంతో చచ్చిన దండు మొత్తం. మా వేషగాళ్ల చుట్టూ తిరిగి తప్పులు ఏరడం మొదలెట్టారు. ఒకడు బూరగాడి మణికట్టు ఎత్తి, ఈ చేతిగడియారం ఏంట్రా, అంటాడు. ఇంకొకడు ప్యాంటుకున్న జిప్పు కిందికి లాగి, పైకి లాగి, ఎంత వేగంగా మూసుకుంటుందో చూసి ఏడుస్తాడు. అప్పుడే కొండమీదుగా జెట్ విమానం పోయింది, ఆకాశంలో ఈ చివర్నుంచి ఆ చివరికి తెల్లగీత. చచ్చినవాళ్లు భయపడ్డం నేను ఆ రోజే చూశాను. నలభై మందీ బోర్లాపడి మట్టిని కావలించుకున్నారు, ఆకాశం చిరిగిపోయింది, ఇక మమ్మల్నెవరు దాస్తారు, అని."

"బర్ల్, చాల్లే" అంది మేవిస్. ఒంటిగంట ఆట కోసం గంట ఒళ్లో పెట్టుకుని ఆమె కూడా వరండాలోకొచ్చి కూచుంది.

"నమ్మవా? నలభై మంది వేషగాళ్లకే కూలి ఇచ్చారు. ఇవాళ తెర మీద లెక్కపెట్టుకో, ఎనభై మంది ఉంటారు. సగం మందికి నీడ ఉండదు."

ఎవరూ నవ్వలేదు. గాలికి హోటల్ తలుపు కిర్రుమంది. ఎదర కట్టుగొయ్యకి మేవిస్ ఎర్రగుర్రం కట్టేసి ఉంది. అది కాలు నేలకేసి కొట్టింది. బర్ల్ ఉలిక్కిపడి ఒక మెట్టు పైకి జరిగాడు. ఆ జరగడం లియోటా ఒక్కతే చూసింది. ఆమెకి అది పాత అలవాటు, ఎవరు ఎక్కడినుంచి ఎక్కడికి కదిలారో చూడడం.

"అసలు గుర్రం మాట రాలేదే" అంది ఆమె నెమ్మదిగా.

రావాల్సిన చోటికి వచ్చేసింది. బర్ల్ నాలుక దానంతటదే పరిగెత్తింది.

"గుర్రం, అదే చెప్పబోతున్నా. దండుకి కెప్టెనొకడు ఉన్నాడు, తల చంకలో పెట్టుకు తిరిగేవాడు. వాడు హీరో గుర్రం కళ్లెం పట్టుకుని దాని కళ్లలోకి చూశాడు. గుర్రానికి చెమటలు పట్టాయి. దాని వెనక ఎడమకాలికి మేజోడు తొడిగినట్టు తెలుపు ఉండేదా, ఆ తెలుపు భయంతో వణికింది, కదిలింది, పొట్టకిందనుంచి పాకి పాకి అవతలి కాలికి దూకేసింది. నా రెండు కళ్లతో చూశాను. అందుకే సినిమాలో కాలు మారింది. అందులో ఎవరి తప్పూ లేదు." ఆ చివరి మాట ఆమె వైపు చూస్తూ అన్నాడు.

లియోటా అందరికీ కాక తనకి తాను చెప్పుకుంటున్నట్టు చెప్పింది. ఆ సినిమాకి షాట్‌ల లెక్క రాసింది తనేనంది. అసలు గుర్రం కుంటిపడితే ఇంకో గుర్రాన్ని తెచ్చారనీ, దాని కాలికి తెల్లరంగు పుయ్యమని చీటీ రాసి గుర్రాలవాడికి పంపాననీ, చీటీ మళ్లీ దొరకలేదనీ, అందులో కుడికాలని రాసుందని అతను చెప్పాడనీ చెప్పింది. "నా పుస్తకంలో ఎడమ అనే ఉంది. కానీ అందరూ అన్నారుగా, నువ్వే తప్పు చూశావని. అప్పట్నుంచి నా కళ్లని నేను నమ్మను. తలుపు తాళం వేసి మూడుసార్లు వెనక్కొస్తాను. పొయ్యి ఆర్పి నాలుగుసార్లు చూస్తాను. పెళ్లి చేసుకుంటానన్న మనిషి మొహంలో ప్రేమ కనపడింది, అది కూడా నమ్మలేదు."

బర్ల్ చెప్పిన నలభై దెయ్యాలూ ఎటు పోయాయో. ఆమె ఒక్కతే ఉంది, ఆమెకి నీడ ఉంది, లేచి మెట్ల దగ్గరికొస్తే అది అతని బూటు మీద పడింది.

"ఆ తెలుపు పాకుతుంటే మీరెక్కడ నిలబడి చూశారు?" అని అడిగింది.

"ఎదురుగా" అన్నాడు బర్ల్.

"అదిగో గుర్రం. ఎడమకాలు ఎటుందో అక్కడినుంచే చూపించండి."

ఎర్రగుర్రం మొహం ఇటే పెట్టి నిలబడి ఉంది. దాని నల్లటి పెద్ద కళ్లు సూటిగా అతన్నే చూస్తున్నాయి. ముప్పై ఎనిమిదేళ్లుగా తన తప్పేమిటో అతనికి తెలుసు, రాత్రిళ్లు ఎన్నిసార్లు దిద్దుకున్నాడో లెక్కలేదు. కానీ ఆ కళ్ల ముందు బుద్ధి పనిచెయ్యలేదు. చెయ్యి దానంతటదే లేచింది. ఎడమచెయ్యి. తన ఎడమ వైపు.

మేవిస్ చిన్నప్పట్నుంచీ గుర్రాల మధ్య పెరిగింది. ఆలోచించకుండానే ఒళ్లో గంట మోగించేసింది. ఠంగుమని ఒక్కసారి. మోగించాక తనే నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

"అది కుడికాలు, బర్ల్" అన్నాడు ఓరిన్ మెల్లిగా. "ఎదురుగా నిలబడితే గుర్రం ఎడమ నీ కుడివైపు ఉంటుంది. గుర్రాలవాడెవడూ ముందు నిలబడి వెనక్కాలు చూడడు, పక్కనుంచి వెళ్తాడు. ఏటా ఊరేగింపులో గుర్రమెక్కమంటే నడుంనొప్పంటావు. ఎందుకు?"

బర్ల్ తన చేతికేసి చూసుకున్నాడు, అది ఇంకెవరిదో అన్నట్టు. వంగి ఒక బూటు ముళ్లచక్రం విప్పాడు, రెండోది కూడా విప్పాడు, రెండూ మెట్టుమీద పెట్టాడు. ఇంతకన్నా పెద్ద భయం ఇక లేదనిపించాక లియోటా మొహంలోకి చూడగలిగాడు.

"నేను గుర్రాలవాణ్ణి కాను. రొట్టెల వ్యాను తోలేవాణ్ణి. వంద గుర్రాల్ని లొంగదీశానని కోతలు కోసి ఆ పనిలో చేరాను. తంతుందని వెనక్కి వెళ్లలేదు, ముందునుంచి పొట్టకింద దూరి, నా ఎడమవైపున్న కాలికి పూశాను. నీ చీటీలో ఎడమ అనే ఉంది, లియోటా. సినిమావాళ్లు అడగడానికి వస్తుంటే నమిలి మింగేశాను. నువ్వు సరిగ్గానే చూశావు." ఎర్రగుర్రం తల విదిల్చింది. అతను కళ్లు గట్టిగా మూసుకున్నాడు. "గుర్రాలంటే నాకు భయం."