గట్టు నుంచి చెరువు దాకా

కోనసీమలో ఒక పొలం గట్టు. పొద్దుటి ఎండ. మూడుకాళ్ల స్టాండు మీద కెమెరా. రాజమండ్రి నుంచి వచ్చిన ఫొటోగ్రాఫరు గణేష్‌బాబు, పొలం గల సత్యకుమారి.

“మీరలా అడ్డం నిలబడితే ఎలాగండి, సత్యకుమారి గారూ? కాస్త ఇటు రండి.”

“వచ్చానండి. ఇప్పుడు కనిపిస్తోందా? నా కాళ్ల దగ్గర ఈ తెల్లటి ఉప్పు పొర, ఎర్రబడిపోయిన వరి దుబ్బులు, అక్కణ్ణించి ఆ చివర రొయ్యల చెరువు గట్టు దాకా? మొత్తం ఒక్క బొమ్మలో పడాలి.”

“పడుతుందండి.”

“పడటం కాదు, తేటగా పడాలి. మొన్న మా ఊరాయన తీస్తే వరి పడింది, చెరువు మసగ్గా పోయింది. చెరువు మీద అర్జీతో పాటు ఇస్తే, ఎమ్మార్వో ఆఫీసులో ఆయన చూసి, ‘చెరువేదమ్మా? ఇక్కడేదో మబ్బులా ఉంది’ అన్నాడు. నవ్వాడు కూడానూ. ఒళ్లు మండిపోయిందనుకోండి.”

“ఆయన దగ్గర మామూలు లెన్సు ఉండుంటుందండి. దాంతో దగ్గరది చూస్తే దూరంది పోతుంది, దూరంది చూస్తే దగ్గరది పోతుంది. లోపల కన్నం బాగా చిన్నది చేస్తే రెండూ వస్తాయనుకోండి. కానీ వెలుతురు చాలదు, బొమ్మ నిదానంగా పడుతుంది. ఈలోగా గాలికి ఆకు ఊగిందా, అంతా అలికేసినట్టు వస్తుంది.”

“మరి మీదో?”

“నాది వంగుతుందండి. ఇదిగో, ఈ మర తిప్పితే లెన్సు ముందుకి తల వంచుతుంది. అప్పుడు తేటగా కనపడే మేర గోడలా నిలబడదు, చాప పరిచినట్టు నేల మీద పడుకుంటుంది. మీ కాళ్ల దగ్గర్నుంచి ఆ చివరి దాకా. కన్నం అంత చిన్నది చెయ్యక్కర్లేదు, టక్కున కొట్టేయొచ్చు. గాలి వీచినా నాకు లెక్కలేదు.”

“అమ్మయ్య! బతికించారు.”

“కేలండరుకి పొలం బొమ్మ అనుకుని బయల్దేరానండి నేను. ఇలా ఆఫీసులో ఇవ్వడానికని మీరు చెప్పలేదు.”

“చెబితే వచ్చేవారా?”

“అదేంటండీ, ఎందుకు రానూ? ఉండండి, చూడనివ్వండి. ఊఁ... కాస్త వంచాలి, మళ్లీ దూరం సరిచెయ్యాలి, మళ్లీ వంచాలి. ఓపిక కావాలండి దీనికి. దుబ్బులు బాగున్నాయి. ఉప్పు కూడా మిలమిలా... గట్టు వస్తోంది... వచ్చింది. నీళ్లు చిలికే ఏరేటర్లు కూడా... అరె.”

“ఏంటండీ?”

“ఏంలేదు.”

“ఏదో అన్నారు.”

“ఏంలేదండీ. ఆ గట్టు మీద నీలం రేకుల షెడ్డు... ఎప్పుడు వేశారు?”

“చెరువు తవ్విన ఏడే. సముద్రపు పాయలోంచి ఉప్పునీళ్లు తోడే మోటారు అందులోనే ఉంది. మీరెప్పుడైనా చూశారా?”

“నేనా? నేనెక్కడ చూస్తానండీ? ఇటువైపు నాకేం పని?”

“సరే, కొట్టండి మరి.”

“కొడతాను... గాలి ఎక్కువగా ఉందండి.”

“గాలికి లెక్కలేదన్నారు కదా ఇప్పుడే?”

“అన్నాననుకోండి. ఎండ కూడా ఎదురు పడుతోంది. సాయంత్రం అయితే...”

“సాయంత్రం వాళ్ల మనుషులుంటారు, గొడవ. ఇప్పుడే తీసెయ్యండి బాబూ, మీకు దణ్ణం పెడతాను.”

“అయ్యో, అదేం మాటండీ! తీస్తాను, తీస్తాను. కాకపోతే చాప నేల మీద కదండీ, నిటారుగా ఉన్నవి సరిగ్గా రావు. షెడ్డూ అదీ మసగ్గానే వస్తాయి మరి.”

“షెడ్డుతో నాకేం పని? గట్టు కావాలి, గట్టు వెనక నీళ్లు కావాలి. ఏదీ, నన్నోసారి చూడనివ్వండి.”

“మీకు అలవాటుండదండి, ఒంటికన్నుతో చూడాలి...”

“చూస్తానండీ, జరగండి. వరి కనపడుతోంది... చెరువేదీ? ఇందాక ఏరేటర్లు కూడా వచ్చాయన్నారు. ఇక్కడ చూస్తే మా ఊరాయన తీసిన మబ్బే ఉంది!”

“వంపు కాస్త జారినట్టుంది.”

“జారిందా? తిప్పారా?”

“మీ చెయ్యి తగిలిందేమో...”

“నేను ముట్టుకోలేదు. గణేష్‌బాబు గారూ, నా మొహం చూసి మాట్లాడండి.”

“అసలు వరి చాలండీ. పైరు చచ్చిపోతోందని తెలుస్తుంది కదా. మధ్యలో చెరువెందుకు?”

“ఎందుకా? చెరువు లేకపోతే తెగులంటారండీ! మందు కొట్టుకోమంటారు. ఉప్పునీటి ఊట ఎటునుంచి వస్తోందో కనపడొద్దా? ఈ ఏడు కూడా గింజ చేతికి రాకపోతే నేనూ దీన్ని రొయ్యలకి ఇచ్చెయ్యడమే. మా ఆయన పోయాక ఒక్కదాన్నే నడుం విరిగేలా చేసుకుంటున్నాను. నాకు భయంగా ఉందండీ. అన్నం సయించట్లేదు.”

“చెరువు వాళ్లకి మాత్రం ఏం తెలుసండీ, ఇటు ఊట దిగుతోందని? పాపం, లీజుకిచ్చేసి ఎక్కడో ఉంటారు...”

“ఎక్కడో ఉంటారని మీకెలా తెలుసు?”

“మాటవరసకి అన్నానండి.”

“ఆ భూమి ఎవరిదో తెలుసా మీకు?”

“నాకెలా తెలుస్తుందండీ?”

“పక్క ఊరి విశ్వనాథ్ గారమ్మాయిది. ఉమాశ్రీ. పెళ్లప్పుడు పసుపు కుంకుమల కింద రాసిచ్చారు. ఆ పెళ్లికి నేనూ వచ్చానండి, అక్షింతలు వేశాను. పెళ్లికొడుకు అప్పట్లో బాగా సన్నగా ఉండేవాడు.”

“చెరువు పూజనాడు అటు రోడ్డు మీంచి వచ్చి, అటే వెళ్లిపోయానండి. వెనక పొలాలున్నాయని చూళ్లేదు. ఒట్టు. అన్నీ మా మామగారే చూసుకుంటారు. ఇప్పుడు ఇంటికెళ్లి ఉమకి ఏం చెప్పమంటారు? నీ చెరువు మీద పితూరీకి నేనే బొమ్మ తీశానని చెప్పనా? అన్నీ తెలిసి నన్నే ఎందుకు పిలిచారండీ? ఇంకెవరూ దొరకలేదా?”

“దొరికారు. మొన్నటి బొమ్మకే మీ మామగారు ఆఫీసుకొచ్చి, ఎక్కడిదో బొమ్మ పట్టుకొచ్చింది, అంతా అబద్ధం అన్నారు; ఇంకెవరు తీసినా అదే అంటారు. మీరు తీసి, వెనక మీ స్టూడియో స్టాంపు వేసి ఇస్తే ఏమంటారో చూస్తాను. ఆ వంపు సరిచేసుకోండి, అల్లుడుగారూ.”