నరహరి గారు ఒక్కసారిగా ఆపకూడని పని

1970 జూలై 13న, మాధవరం ఉన్నత పాఠశాల కొలువు విడిచి, శ్రీ నరహరి గారు ఆదోనిలోని మన కళాశాలలో జంతుశాస్త్ర ఉపన్యాసకులుగా చేరారు. పత్తి వ్యాపారినైన నేను అప్పటికే కళాశాల కోశాధికారిని. మనిషిని కూడా సరుకులాగే అంచనా కట్టే అలవాటు నాది. ఆయన మాత్రం అంచనాకు అందలేదు. పట్టుమని పదిమంది లేని తరగతిలో వీధికి వినబడేలా పాఠం చెప్పేవారు. కొన్నేళ్లకు గది నిండిపోతే గొంతు తగ్గించారు.

"ఇదేం బేరం సార్?" అని అడిగాను.

"తక్కువ అందినప్పుడు ఎక్కువ పనిచేయాల, ఎక్కువైతే తగ్గాల. మెదడులో కణమూ అంతే దేవేంద్రప్పా" అన్నారు.

ఆ మాట విలువ నాకు 1982 జనవరిలో ఆదోని బస్టాండులో తెలిసింది. మన ప్రయోగశాల సహాయకుడు లక్ష్మన్నకు మూర్ఛవ్యాధి. మాత్రల వల్ల రెండేళ్లుగా మూర్ఛ రాలేదు. ఎమ్మిగనూరు జాతరకు బయలుదేరుతూ, అక్కడే ఉన్న మా ఇద్దరితో, "నిద్రమత్తుగా ఉంటాంది, రేపటినుంచి మాత్రలు మానేస్తాండా" అన్నాడు. నరహరి గారు అతని సంచి లాక్కున్నారు.

"పత్తి సరిగ్గా అందకపోతే మిల్లోడు ఏం చేస్తాడప్పా?"

"ఊరూరికీ కొనేవాళ్లను పంపుతాడు సార్" అన్నాడు లక్ష్మన్న.

"మాత్రతో నీ మెదడులో కణాల మధ్య కబుర్లు తగ్గినాయి. కణాలేమో కొత్త ప్రోటీన్లు తయారుచేసుకుని, కబుర్లు అందుకునేవాళ్లను పెంచుకున్యాయి. ఇప్పుడు మాత్ర టక్కున ఆపితే?"

"సరుకంతా ఒక్కసారి వచ్చి పడుతుంది!" అన్నాను, నా వ్యాపారం కదా.

లక్ష్మన్న కళ్లు పెద్దవి చేసి, "మిల్లు గేటు ఇరుగుతాది సార్!" అన్నాడు.

"ఇరిగేది నీ తలకాయ. మానాలంటే డాక్టరు చెప్పినట్టు, కొంచెం కొంచెంగా మానాల."

లక్ష్మన్న మాత్రలు జేబులో పెట్టుకునే జాతర చూసివచ్చాడు. తరువాత కర్నూలు డాక్టరు గారే మోతాదును నెమ్మదిగా తగ్గించి, చివరకు ఆపించారు. ఇప్పుడు నరహరి గారి ఈ సన్మానసభకు పందిరి వేయిస్తున్నదీ అతడే.

నరహరి గారు ఈ 1988 జూలై నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. "ఇంక పాఠాలన్నీ నాకే సెప్తారు, ఎట్ల తట్టుకునేది?" అని వారి సతీమణి శ్రీమతి రమాబాయి గారు దిగులుపడుతుంటే, లక్ష్మన్న అడ్డుతగిలాడు.

"టక్కున ఆపొద్దని మీరే సెప్పినారు గదా సార్! గురువారం గురువారం పాఠం సెప్పేకి రాండి, కొంచెం కొంచెంగా మానుదురు గాని."

సార్ నవ్వి ఒప్పుకున్నారు. పాలకవర్గమూ సమ్మతించింది. ఆ కొంచెం కొంచెం మానడం ఎన్నటికీ పూర్తికాకుండా, ఆయన నిండు ఆరోగ్యంతో నూరేళ్ల గురువారాలు మన కళాశాల మెట్లెక్కాలని మనసారా కోరుకుంటున్నాను.

— దేవేంద్రప్ప, కోశాధికారి