క్లిఫర్డ్‌ను చేలోకి దింపిన బండి

ఒహాయోలో ఒక చిన్న ఊరు. లూథరన్ చర్చి పచ్చికలో పాత కార్ల ప్రదర్శన. నారింజ రంగు జీటీఓ కారు పక్కన మడత కుర్చీల్లో రిటైరైన పోలీసు క్లిఫర్డ్ హాస్, చర్చిలో ఆదివారం బడి నడిపే ఆయన భార్య వెర్నా కూర్చున్నారు. ఆ కారును బాగుచేసిన జనెల్ గుడ్డ పట్టుకుని నిలబడింది.

“మళ్లీ తుడుస్తున్నావేంటమ్మా జనెల్? ఇప్పటికే దాంట్లో చూసుకుని గడ్డం గీసుకోవచ్చు.”

“అదే భయం క్లిఫర్డ్ గారూ. మరీ బాగుంటే జడ్జీలు మార్కులు కోసేస్తారు. కొత్తప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలట. అడుగున బోల్టులకు ముచ్చటపడి నల్లరంగు వేశాను. అప్పట్లో వాటికి రంగే లేదన్నారు. వారమంతా కింద పడుకుని గీకాను.”

“అందం ఎక్కువైతే శిక్షా! విన్నావా వెర్నా? పాస్టరుకు చెప్పు, ప్రసంగానికి పనికొస్తుంది.”

“పాస్టరు సంగతి సరే, నువ్వు టోపీ పెట్టుకో. బట్టతల మాడిపోతోంది.”

“ఇది దొరికినప్పుడు చూడాలి టీచర్ మీరు! తాత అమ్మేశాక చేతులు మారి మారి, చివరికి ఓ కోళ్ల షెడ్డులో తేలింది. వెనక సీట్లో కోడి పొదుగుతోంది. అది పిల్లలు చేసేదాకా ఆగి తెచ్చుకున్నాను. పోయేముందు తాత అడిగింది ఈ బండి గురించే మరి.”

“మంచి పని చేశావు తల్లీ.”

“క్లిఫర్డ్ గారూ, ఇంకాసేపట్లో మైకు దగ్గరికి మిమ్మల్నే పిలుస్తారు. దీని చరిత్ర మీకంటే ఎవరికీ తెలియదన్నారు పాస్టరు గారు. మా రోస్కో తాత గురించి కూడా ఓ మంచి మాట చెప్పండి, చాలు.”

“చెప్తానమ్మా. దీని వెనక దీపాలు నాకు తెలిసినంతగా ఈ జిల్లాలో ఎవడికీ తెలియదు.”

“నేను నిమ్మరసం తెస్తాను. చక్కెర వేసిందేనా ఇద్దరికీ?”

“ఆయనకొద్దు. నాకు వేసిందే తే.”

జనెల్ గుంపులోకి వెళ్లిపోయింది.

“క్లిఫర్డ్, అక్కడ ఏం చెప్పబోతున్నావు?”

“నిజం.”

“ఏ నిజం?”

“నా దగ్గరున్నది ఒక్కటే. డెబ్బై ఒకటి ఆగస్టు. పొద్దు గుంకే వేళ. కాలువ రోడ్డు మీద ఈ బండి లైట్లు ఆర్పుకుని…”

“లైట్లు వెలుగుతూనే ఉన్నాయి.”

“ఏంటి?”

“ఏం లేదు. చెప్పు.”

“గాలిలా పోయింది. సైరన్ వేసి వెంటపడ్డాను. పెద్ద మలుపులో అది తిరిగింది, నేను తిరగలేదు. నేరుగా యోడర్ గారి మొక్కజొన్న చేలోకి! కంకులు కిటికీలోంచి ఒళ్లో పడ్డాయి. అప్పట్నుంచి ఊరు నన్నేమంటోంది?”

“కంకుల క్లిఫర్డ్.”

“నువ్వు అనకు!”

“నువ్వేగా అడిగావు.”

“ఆ పేరు పెట్టించినవాడు రోస్కో. ఇవాళ మైకులో అందరి ముందూ చెప్తాను.”

“చచ్చిపోయినవాడి మీదా? ఆ పిల్ల తాత మీది ప్రేమతో తుప్పంతా గోకి నిలబెట్టింది. దాని ముందు ఆయన్ని దొంగ అంటావా?”

“దొంగ అనను. అబద్ధాలకోరు అంటాను. బైబిలు మీద చెయ్యేసి ‘నడిపింది నేను కాదు’ అన్నాడు. బండి వాడిది, తాళం వాడిది. ఇంకెవరు నడిపారు మరి, పరిశుద్ధాత్మా?”

“నోరు కడుక్కో! నమ్మనివాడివి ప్రమాణం ఎందుకు చేయించావు?”

“నమ్మకం వేరు, పోలీసు ఉద్యోగం వేరు.”

“ఆదివారాలు కూడానా? చర్చిలో ఆయన మన బల్ల మీద కూర్చుంటే నువ్వు లేచి వెనక్కి పోయేవాడివి. అంత్యక్రియలకి పోలేదు. నడుం నొప్పన్నావు.”

“నొప్పే.”

“ఆ సాయంత్రం బౌలింగుకు పోయి బరువు బంతులు దొర్లించావు.”

“అప్పటికి తగ్గింది.”

“ఇంటికి పోదాం పద. వాన వచ్చేలా ఉంది.”

“వానా? మబ్బు తునక లేదు.”

“నా కీళ్లు చెప్తున్నాయి.”

“నీ కీళ్లకు భయపడి నేను లేవను. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి వెర్నా. వెధవ, బాగా నడిపాడు. మూడో గేరులో అంత వేగంగా ఆ మలుపు తిప్పడమంటే…”

“మూడో గేరా! మూడో గేరులో ఎక్కడ తిరుగుతుంది? రోస్కో మొరటు చేతికి అప్పటికే అరిగిపోయింది, కాస్త వదిలితే ఊడి వచ్చేది. గేరు కర్రను మోకాలితో ఒత్తి పట్టుకుంటే గాని ఉండేది కాదు. మలుపు రాకముందే రెండులోకి దించి, బ్రేకు ముట్టకుండా… ఎందుకలా చూస్తావు?”

“మోకాలితో.”

“ఎవరో చెప్పారు.”

“ఎవరు?”

“మా నాన్న. రిపేరుకు మా షెడ్డుకేగా వచ్చేది.”

“ఏ మోకాలితో?”

“కుడి… ఎందుకు?”

“మీ నాన్నకు కుడికాలు లేదు కదా వెర్నా. యుద్ధంలో పోయింది.”

“ఎండ మండిపోతోంది, టోపీ పెట్టుకో.”

“మరి ఆయన బాగుచేసిన బండ్లు రోడ్డు మీద నడిపి చూసేదెవరు?”

“నిమ్మరసం ఇంకా రాలేదేం?”

“వెర్నా!”

“అరవకు, జనం చూస్తున్నారు. నేను నీకు అబద్ధం చెప్పలేదు. ఊళ్లో ప్రతివాణ్ణీ పట్టుకుని అడిగావు. నన్ను ఒక్కసారైనా అడిగావా?”

“సొంత పెళ్లాన్ని అడగాలని ఏ పోలీసుకు తోస్తుంది!”

“అందుకే చేలో పడ్డావు.”

“రోస్కోకు తెలుసా?”

“తెలుసు. మర్నాడే నీ దగ్గరికొచ్చి చెప్పేస్తానన్నాను. వద్దన్నాడు. ‘నేను కాదని చెప్పాను, అది నిజమే. ఎవరని వాడు అడగలేదు. వాడికి నీ మీద మనసుంది. పెళ్లికి ముందు చెప్పకు. పెళ్లయ్యాక అసలే చెప్పకు’ అన్నాడు.”

“వాడు అలా అన్నాడా?”

“మన పెళ్లికి వెండి గరిటెలు పంపాడు. నువ్వు తిప్పి పంపావు.”

“నువ్వు పంపనిచ్చావు.”

“ఇచ్చాను. ‘నీ పొరుగువాని మీద అబద్ధసాక్ష్యం పలకవద్దు’ అని పిల్లలకు చెప్పి, ఇంటికొచ్చి బంగాళదుంపలు ఒలుస్తాను. నోరు మూసుకుని కూర్చోవడం కూడా సాక్ష్యం కిందికి వస్తుందా అని, ఒలిచినంతసేపూ దేవుణ్ణే అడుగుతాను. ఆయన ఇంతవరకూ తేల్చలేదు. దుంపలు మాత్రం ఉడుకుతాయి.”

“నాకు తేలింది. ఒక మంచివాణ్ణి బతికున్నంతకాలం పలకరించలేదు నేను.”

“మనిద్దరం కలిసి చేశాం ఆ పాపం. నీది సగం, నాది సగం.”

“క్లిఫర్డ్ హాస్ గారూ! కంకుల క్లిఫర్డ్ గారూ! దయచేసి మైకు దగ్గరికి రండి!”

“అదిగో, పాస్టరు కూడా అలాగే అంటున్నాడు.”

“ఏం చెప్తావు?”

“రోస్కో ప్రమాణం నిజమని చెప్తాను. అంత్యక్రియల నాడు బౌలింగుకు పోయానని చెప్తాను. ఆ పిల్ల వినాలి.”

“నడిపిందెవరని అడుగుతారు.”

“అడుగుతారు.”

“నా పేరు చెప్పెయ్. మొహమాటపడకు. నాకూ బరువు దిగుతుంది.”

“ఆదివారం బడి పంతులమ్మ అని చెప్పానంటే, వచ్చే వారం నుంచి ఒక్క పిల్లాడు బడి ఎగ్గొట్టడు.”

“వెక్కిరించింది చాలు. పో, టోపీ పెట్టుకుని పో.”

“ఆగు. బండిలో నాకు రెండు తలలు కనబడ్డాయి. ఒకటి నీది. రెండోది?”

“పిలుస్తున్నారు, పోవయ్యా.”

“రెండోది ఎవరు వెర్నా?”

“అది మాత్రం మైకులో చెప్పకూడదు. మాటిస్తావా?”

“ఇచ్చాను. ఎవరు?”

“ఆవిడ కారు మా షెడ్డులో ఉంది. ప్రార్థన కూటానికి ఆలస్యమవుతోందంటే పక్కన కూర్చోబెట్టుకున్నాను. సైరన్ వినబడగానే నేను ఆపబోయాను క్లిఫర్డ్, ఒట్టు. మీ అమ్మే నా భుజం తట్టి, ‘ఆపకమ్మాయ్, వచ్చేది మావాడే. వాడికి ఆ మలుపు తిరగడం చేతకాదు, తొక్కు’ అంది.”