నేను అన్నది, మోహినమ్మ చెప్పింది

అధ్యక్ష స్థానంలో కూర్చుని ఇప్పటికే గడియారం చూసుకుంటున్న విద్యాశాఖ పెద్దలు ఓం ప్రకాష్ గారికి, మన గుడి కమిటీ ప్రెసిడెంటు, నాకు బావ వరస అయిన మునస్వామికి, డ్రెకేటి నుంచి వరి కోతలు ఆపుకుని వచ్చిన రైతు పెద్దలకు, లబాసా బస్సులో నిలబడి వచ్చిన తల్లులకు, అందరికంటే ముందు ఈ రోజు బడి తాళం చెవులు అప్పగించి ఇంటికి వెళుతున్న మన హెడ్ టీచరు మోహినమ్మకు, నరసింహ అనే ఈ పాత మిల్లు కూలీ, బడి మెట్టు ఎక్కకుండా అక్షరాలు కూడబలుక్కుని ఇన్నేళ్ళుగా మీ నెత్తిన పురాణం దంచుతున్న ఈ మనిషి, రెండు చేతులూ జోడించి నమస్కారం చేస్తున్నాడు.

మీకు ఒక వింత కనిపిస్తూ ఉండాలి. గుడిలో నేను తెలుగులో చెప్పడం, తెలుగు రాని మీలో చాలామంది కోసం మోహినమ్మ నా ఎడమ పక్క నిలబడి ఒక్కొక్క ముక్కకూ హిందీలో అర్థం చెప్పడం మన ఆచారం. ఇవాళ ఆవిణ్ణి కుడి పక్కకు రమ్మన్నాను. తన సన్మానానికి తానే అర్థం చెప్పుకునే మనిషిని ఎక్కడైనా చూశారా? ఇంకెవరికీ రాదు, అదీ మన గతి. నా ఎడమ చెవిని మిల్లు యంత్రం ఎప్పుడో తినేసింది. కుడి చెవి మాత్రం చీమ నడిస్తే వింటుంది. అమ్మా మోహినమ్మా, ఇప్పటిదాకా నేను అన్నది చెప్పావా? (నవ్వులు) ఎందుకయ్యా నవ్వుతారు? "పురాణం దంచుతున్న" అన్నదాన్ని "ప్రేమతో కథ చెబుతున్న" అంది! చూశారా, నేను వింటూండగానే! (నవ్వులు, చప్పట్లు)

మోహినమ్మ బడికి నీళ్ళ ట్యాంకు తెప్పించిన సంగతి, తుఫానుకు రేకులు ఎగిరిపోతే పిల్లల్ని గుడి హాల్లో కూర్చోబెట్టి పాఠాలు చెప్పిన సంగతి ఓం ప్రకాష్ గారు చెప్పేశారు. నేను చెప్పవలసింది వేరే ఉంది. నేను దిమ్మెరపోయి ఉన్నాను. నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు. మీకు చెప్పకపోతే ఇక నిద్ర కూడా పట్టదు.

వీడియో గేములంటే నా మాట మీకు తెలుసు. మాయలో మాయ అన్నాను. వేళ్ళతో చేసే పాపం వేళ్ళకే అంటుతుంది అన్నాను. ఆ మాటలు మీ దాకా ఎలా చేరాయో ఇప్పుడు నాకు అనుమానమే అనుకోండి.

కొన్నేళ్ళ కింద మోహినమ్మ ఒక నవల రాసింది. ఇంగ్లీషులో. నాకు ఇంగ్లీషు రాదు. అయినా ఇదే హాల్లో ఆ పుస్తకానికి దండ వేసింది నేనే. పుస్తకానికి దండ వేయాలంటే చదవనక్కర్లేదు, ఇది మనందరికీ వచ్చిన విద్యే. (నవ్వులు) ఆవిడ దగ్గర చదువుకున్న ఇందిర, అదిగో ఆ మూల కూర్చున్న పిల్ల, సువాలో కంప్యూటరు పని చేస్తుంది. స్నేహితులతో కలిసి ఆ నవలను గేముగా మార్చింది. దాన్ని నేను తప్పు పట్టను. గిర్మిట్ కూలి ఒప్పందం మీద ఓడెక్కి ఈ దీవులకు వచ్చిన మన తాతలు చెరకు తోటల కూలి లైన్లలో పురాణాన్ని వీధినాటకం చేసి ఆడలేదా? రంగు దొరక్క ముఖానికి ఇటుక పొడి పూసుకున్నారట. గ్రంథంలోది గ్రంథంలోనే ఉండాలంటే మన దాకా వచ్చేదే కాదు.

ఇందిర నాలుగు రోజుల కింద మా ఇంటికి వచ్చి, "మామా, ఈ గేములో మీరూ ఉన్నారు" అంది. అబద్ధం ఎందుకు, సంతోషించాను. గడ్డం గీసుకుని, ఉతికిన పంచె కట్టుకుని వచ్చి కూర్చున్నాను, అది నన్ను చూస్తుందేమో అన్నట్టు. తెర మీద మన గుడే. రేకుల కప్పు, చాపలు, దీపాలు, బయట గేటు. వేదిక మీద ఒక బొమ్మ మనిషి. నా అంత బొట్టు, నాకంటే మంచి మీసం, ఊగిపోతూ తెలుగులో గర్జిస్తున్నాడు. "బాగుందే" అన్నాను.

"మీరు ఆడేది ఆయనగా కాదు మామా, ఈమెగా" అని, ఆయన ఎడమ పక్క నిలబడిన చీర బొమ్మను చూపించింది.

అప్పటికీ నాకు వెలగలేదు.

ఆ ఆట ఇలా ఉంటుంది. ఆయన ఒక మాట అంటాడు. కింద మూడు దారులు కనిపిస్తాయి. ఉన్నదున్నట్టు చెప్పడం, మెత్తగా చెప్పడం, పూర్తిగా మార్చి చెప్పడం. ఒకటి నొక్కాలి. నేను ఏది నొక్కుతాను? ఉన్నదున్నట్టు! "తాగుబోతుకు గుడి ఎందుకు, వాడికి యాంగోనా గిన్నె చాలు" అన్నాడు బొమ్మ మనిషి. నొక్కాను. చాప మీద నుంచి ఒకాయన లేచి పోయాడు, ఒక దీపం ఆరింది. "తల్లి గుణం చూస్తే బిడ్డ గతి తెలుస్తుంది" అన్నాడు. నొక్కాను. ఒక తల్లి బిడ్డను చంకనేసుకుని లేచింది, ఇంకో దీపం. ఆ మాటలన్నీ నావే, నేను అన్నవే, అక్షరం తేడా లేదు. నొక్కుతూ పోయాను. ఖాళీ చాపలు మిగిలాయి. ఆ బొమ్మ మనిషి మాత్రం పుస్తకంలో వేలు పెట్టి తరవాతి పద్యం వెతుకుతూనే ఉన్నాడు. ఎవరూ లేరని చూసుకోనే లేదు.

పంతం పట్టి మళ్ళీ ఆడాను. మళ్ళీ ఖాళీ. "ఒక్కసారి మెత్తగా అన్నది నొక్కి చూడండి మామా" అంది ఇందిర జాలిపడి. నరసింహ నొక్కుతాడా? నొక్కలేదు. మళ్ళీ ఖాళీ. పుస్తకమైతే నచ్చని పేజీ తిప్పేసి తప్పించుకోవచ్చు. నవలలో ఎవడో ఒకడు గుడి ఖాళీ చేశాడు, వాడి పాపం వాడిది అనుకోవచ్చు. ఇక్కడ నా వేలితో నేనే ఒక్కొక్కరినీ లేపి పంపించాను.

"ఇదంతా నీ కల్పన" అని అరిచాను.

"దీపాలు ఆరడం ఒక్కటే నాది మామా. మిగతాదంతా నవలలో ఉన్నదే."

పంచె ఎగగట్టి మోహినమ్మ ఇంటికి పోయాను. "నవలలో ఇలా రాశావట. కల్పనే కదా?" అన్నాను. ఆవిడ రోటీలు కాలుస్తోంది. పెనం మీద నుంచి కళ్ళు తిప్పకుండా, "ఊరి పేరు మాత్రం కల్పించాను మామా" అంది.

అక్కడి నుంచి మునస్వామి దగ్గరికి పోయాను. యాంగోనా వేరు పొడి నీళ్ళలో పిసుకుతూ కూర్చున్నాడు.

"బావా, మోహినమ్మ నా మాటలు మార్చి చెబుతుందని నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"నువ్వు మొదలుపెట్టిన దగ్గర నుంచి. తెలుగు వచ్చిన ముసలివాళ్ళం అందరికీ తెలుసు. నీది విని భయపడేవాళ్ళం, ఆమెది విని ఇంటికి పోయేవాళ్ళం."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఆమెను మాన్పించేవాడివి. అప్పుడు నిన్ను ఎవరు వినాలి, మేమా?" (చాలాసేపు నవ్వులు)

నవ్వండి. ఇక నవ్వురాని చోటికి వస్తున్నాను.

ఈ మునస్వామి కూతురు కుంతి, సావుసావు రేవులో పడవ నడిపే జోనేను తండ్రికి చెప్పకుండా పెళ్ళి చేసుకుంది. ఆ ఏడు అమ్మవారి ఉత్సవంలో, నిప్పుల గుండం తొక్కేవాళ్ళకు కంకణాలు కట్టే పూట, ఇద్దరూ వచ్చి గుడి గేటు అవతల నిలబడ్డారు. నేను వేలు చూపించి అన్నాను, "తండ్రి తల దించిన కూతురు ఈ గడప తొక్కితే ఆ నిప్పు మనలో ఎవరినీ క్షమించదు" అని. అని, పద్యం కోసం పుస్తకంలోకి వంగాను. తల ఎత్తేసరికి కుంతి లోపల ఉంది. మునస్వామి ఆమె తల మీద చెయ్యి పెట్టి ఏడుస్తున్నాడు. జనమంతా ఏడుస్తున్నారు. ఆహా, నా వాక్కు నిప్పులా తగిలింది, పిల్ల గర్వం కాలి బూడిదైంది, క్షమాపణకు వచ్చింది అనుకున్నాను. నా చేత్తో విభూతి పెట్టాను. ఆ సంగతి తవువాలో చెప్పాను, లౌటోకాలో చెప్పాను, వాక్కుకు బలముంటే ఇలా ఉంటుంది అని ఊరూరా చెప్పుకున్నాను.

ఆ పూట మోహినమ్మ హిందీలో చెప్పింది ఇదట: "గేటు దగ్గర నిలబడిన కూతుర్ని అమ్మవారు లోపలికి పిలుస్తోంది. తండ్రి కూడా ఎదురుచూస్తున్నాడు."

"నీకు తెలుగు వచ్చు కదా బావా, నా మాట విని కూడా ఎలా లేచావు?" అన్నాను.

"ఆ పూటకు తెలుగు మరిచిపోయాను" అన్నాడు మునస్వామి.

కుంతికి తెలుగు రాదు. అసలు నేను ఏమన్నానో ఆమెకు ఈ గేము ఆడాకే తెలిసింది. అప్పటి నుంచి గుడికి రావడం లేదు. కూతురికి చెవులు కుట్టించడానికి నేను పెట్టిన ముహూర్తం వద్దని కబురు చేసింది. "నన్ను పిలవని గుడికి ఇన్నేళ్ళు వెళ్ళాను" అందట. ఇప్పుడు ఈ హాలు తలుపు అవతల, వరండాలో ఉంది. పక్కన జోనే, భుజం మీద బిడ్డ. మోహినమ్మకు దండం పెట్టి పోదామని వచ్చి, మైకులో నా గొంతు విని ఆగిపోయింది. తిరిగి చూడకండి! పిల్ల బెదిరిపోతుంది.

నాలుగు రోజులుగా గ్రంథం తిరగేస్తున్నాను. పురాణంలో ఒక తపస్వి ఉన్నాడు, అబద్ధమాడనని వ్రతం పట్టినవాడు. దొంగలు తరిమితే జనం ఆయన ఆశ్రమం వెనక పొదల్లో దాక్కున్నారు. ఎటు పోయారని దొంగలు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాడు. జనం చచ్చారు, ఆయన నరకానికి పోయాడు. ఈ కథ మీకు నేనే ఎన్నోసార్లు చెప్పాను. మోహినమ్మా, దీన్ని ఎలా చెప్పేదానివి? ఉన్నదున్నట్టేనా? చూడండి, దీన్ని ఒక్కదాన్ని ముట్టుకోలేదు! (నవ్వులు)

అయినా అమ్మా, నిన్ను పూర్తిగా వదిలిపెట్టను. నా నోటికి తెలియకుండా నా నోట్లో మాట పెట్టావు. నాకు వేసిన దండలన్నీ నీవని ఇప్పుడు తెలిస్తే నా మెడ బోసిపోయినట్టుంది. ఒక్కసారి ఈ కుడి పక్కకు వచ్చి "మామా, ఆ మాట తప్పు" అని ఉండవచ్చు కదా? ఏమన్నావు? గట్టిగా చెప్పు, మైకులో చెప్పు. "అన్నాను మామా, మీరు పద్యం వెతుకుతున్నారు" అంటోంది.

వచ్చే వారం మోహినమ్మ తవువాకు, చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతుంది. ఇక నా ఎడమ పక్క ఎవరూ ఉండరు. నేను ఏది అంటే అదే మీ దాకా వస్తుంది. జన్మలో మొదటిసారి నా నోరంటే నాకు భయం వేస్తోంది.

అధ్యక్షుల వారు గంట మీద చెయ్యి పెట్టారు. ఓపికతో విన్న మీకు, నన్ను పిలిచిన కమిటీకి, వంటశాలలో చెమటోడుస్తున్న తల్లులకు, నా కళ్ళు పొడిచి తెరిపించిన ఇందిరకు నా కృతజ్ఞతలు. ఇంకొక్క మాట ఉంది. అమ్మా మోహినమ్మా, దీనికి నువ్వు అర్థం చెప్పనక్కర్లేదు, కూర్చో. హిందీ నాకూ వచ్చు. ఇంట్లో పొద్దున లేస్తే మాట్లాడేది అదే, వేదిక మీదికి రానివ్వలేదంతే.

కుంతీ! బేటీ, బాహర్ కాహే ఖడా హై? భీతర్ ఆవో. జోనే, తుమ్ భీ ఆవో.

(వెనక కుర్చీలు జరిపిన చప్పుడు)

దారి ఇవ్వండయ్యా, కాళ్ళు తియ్యండి. లోపలికి రా తల్లీ. ఈసారి పిలిచింది నేనే.

మోహినమ్మా, ఇన్నేళ్ళు నా బదులు నువ్వు పిలిచావు. ఆ పని ఇక నాది. నీకూ, నాకూ, ఈ సభకూ సెలవు.