అన్నం సయించని కోడలు

1964 ఎండాకాలం, కరీంనగర్. మానసిక వైద్యుడు విద్యాసాగర్‌రావు కలకత్తాలో మనోవిశ్లేషణ నేర్చుకొని వచ్చినవాడు. నిర్మల్ ఆసుపత్రి డాక్టరు లీలాబాయి మూడేళ్లుగా ఆయన దగ్గర ఆ విద్యలో పై శిక్షణ పొందుతోంది. ఆదివారం ఆయన ఇంటి ముందుగదిలో, తాను చూస్తున్న ఒక రోగి సంగతి వినిపిస్తోంది.

“నేను చెప్పుమన్న మాట ఆమెకు చెప్పినవా లేదా?”

“చెప్పిన సార్.”

“ఏమన్నది?”

“కక్కింది. లేసి బయటికి ఉరికి కక్కింది.”

“మంచిగ. మాట తగిలిందన్నట్టు.”

“మంచిగ ఎట్లయితది సార్? అసలు ఆమె కక్కుడు ఆగాలెననే గద నా దగ్గరికి వచ్చింది.”

“తొందరపడకు లీలాబాయి. ముద్ద నోట్లె పెట్టుకుంటె కక్కుతదంటివి. అసయ్యం అంటె ఏంది? తిరగబడ్డ కోరిక. ఆమెకు తెల్వకుంట ఆమె మనసు అడుగున ఆ మామ మీద కోరిక ఉన్నది. మనసు ఒప్పుకోదు, కడుపు తిప్పుతది. నేను చెప్పుమన్నది గదే.”

“గదే చెప్పిన. చెప్పేటప్పుడు నా నాలుక నాకే గలీజు అనిపిచ్చింది.”

“ఎందుకు?”

“ఎందుకేంది సార్? పెనిమిటి హైదరాబాద్‌ల చదువుకుంటుండు. అందరు పత్తి చేన్లకు పోయినంక మామ ఆమె గదిలకు వస్తడు. లోపట గొళ్లెం పెట్టుకుంటె గొళ్లెమే ఊడవీకిండు. గిది ఆమె కోరికనా?”

“గొళ్లెం నువ్వు చూసినవా?”

“చూడలే.”

“చూడలే. మనం పోలీసోళ్లం కాదు. జరిగిందా, జరుగలేదా, మనకు అక్కర లేదు. ఆమె మనసుల జరిగింది. మన పని అక్కడనే.”

“మనసుల జరిగితె మెడ మీద గోరుగాట్లు ఎందుకుంటయి?”

“తనే గీక్కున్నదేమో. గట్లాంటి ఆడోళ్లను మస్తుమందిని చూసిన. చాయ్ తాగు.”

“వద్దు.”

“పొద్దుగాల బస్సెక్కి వచ్చినవు. ఏం తినకపోతివి.”

“వద్దు సార్. తాగబుద్ధి అయితలేదు.”

“చూసినవా? పేషెంటు కడుపుల తిప్పుడు నీ కడుపులకు వచ్చింది. ఇప్పుడు మనం పరిశీలించాల్సింది ఆమెను కాదు, నిన్ను. మీ బాపు మీద ఉన్న కోపం ఆమె మామ మీద తీర్చుకుంటున్నవు.”

“మా బాపును గిండ్లకు ఎందుకు గుంజుతున్నరు?”

“నువ్వే చెప్పినవు గద, గీ మంచం మీద పండుకొని. మీ బాపు తాగచ్చి మీ అవ్వను కొడుతుంటె, నువ్వు తలుపెనుక నిలవడి...”

“సార్.”

“నిలవడి చెవులు మూసుకున్ననని...”

“సార్, చాలు. శిక్షణల మన లోపటిది మనం చెప్పుకోవాలె అంటిరి, చెప్పుకున్న. గిట్ల తీసి మీద కొట్టెతందుకు చెప్పలే.”

“కొడుతలేను. చదువు చెప్తున్న.”

“గిది చదువా? నన్ను కాపాడున్రని ఒక ఆడిది వస్తె, నీకే కావాలె అని చెప్పుడు చదువా?”

“ఆమె అబద్ధం ఆడుతుందని నేను అంటలే. ఆమెకు నిజమే అనిపిస్తది...”

“భూమవ్వ ఒంట్లె అబద్ధం లేదు సార్.”

“పేషెంటు పేరు చెప్పొద్దని మొదటి దినమే చెప్పిన.”

“నోరు జారింది.”

“ఏ భూమవ్వ?”

“పేరు వద్దంటిరి గద.”

“ఏ ఊరు అంటున్న.”

“బోథ్ దిక్కు. బాలమల్లు పటేల్ కోడలు.”

“గీ కేసు విడిచిపెట్టు.”

“ఎందుకు?”

“నీకు గంత అనుభవం రాలే. ఇంకో కేసు తెచ్చుకో. చిన్నది. నిద్ర పట్టనోళ్లు, చీకటికి బుగులుపడేటోళ్లు మస్తుమంది ఉంటరు.”

“నేను విడువ.”

“నీ శిక్షణ అయిపోయిందని కలకత్తకు రాయాల్సింది నేను. యాది పెట్టుకో.”

“రాయకున్రి.”

“ఏమన్నవు?”

“రాయకున్రి అన్న. భూమవ్వ ఇప్పుడు మా ఇంట్ల ఉన్నది. నిన్న నేనే పోయి తోల్కచ్చిన. పటేల్ వాకిట్ల అడ్డం నిలవడి, నా కోడలికి పిచ్చి, ఎక్కడికి పంప అన్నడు. పిచ్చయితె నేనే డాక్టర్ను, పక్కకు జరుగు అన్న. ఊరంత చూసింది. జరిగిండు.”

“నువ్వు వైద్యం చేస్తలేవు. సంసారం కూల్చుతున్నవు.”

“ఆమె పెనిమిటికి పోస్టాఫీసు నుంచి తారు కొట్టిన. రేపు వస్తుండు. ఆయన ముంగట్నె చెప్తనంటుంది. ఆయన నమ్మితె నమ్ముతడు, లేకుంటె చెన్నూరుకు అవ్వగారింటికి పోతనంటుంది. రాత్రి మా ఇంట్ల కడుపు నిండ జొన్నరొట్టె తిన్నది సార్. కక్కలే.”

“బాలమల్లు పటేల్ నాకు ఎరుకనే. మర్యాద గల్ల మనిషి. జర ఆలోచన చెయ్యి.”

“మీకు ఎరుకనా?”

“పెద్ద కుటుంబాలు. ఎరుక లేకుంట ఎట్లుంటరు? నేను మాట్లాడుత. నువ్వు పరేషాన్ గాకు. ఆమెను మాత్రం తిరిగి ఇంటికి పంపు.”

“పంప. కక్కినంక నోరు కడుక్కొని ఆమె ఒక మాట అన్నది. ‘నువ్వు సుత గదే అంటున్నవా డాక్టరమ్మా’ అన్నది. నువ్వు గూడ అంటుందేంది అని గప్పుడు నాకు తోచలే. నిన్న అడిగిన.”

“ఏమడిగినవు?”

“నాకంటె ముందు ఎవలకు చెప్పుకున్నవు అని. పోయినేడు నిద్ర పడతలేదంటె మామనే ఒక డాక్టరు దగ్గరికి తోల్కపోయిండట. ఆయన తలుపేసి, ఎవ్వలకు చెప్ప బిడ్డా, మనసుల ఉన్నది చెప్పుకో అన్నడట. చదువుకున్న మనిషి గద అని అంత చెప్పుకున్నదట. విన్నంక, గది నీ కోరికనే అన్నడట. మామను లోపటికి పిలిచి, ఆమెను బయట కూసుండుమన్నడట. ఇంటికి పోయేటప్పుడు బండిల మామ ఆమె చెప్పుకున్న మాటలన్ని ఒక్కొక్కటి ఆమెకే అప్పజెప్పుకుంట నవ్విండట. అన్నం సయించకపోవుడు ఆ దినం నుంచి సార్. మామ గదిలకు వచ్చిన దినం నుంచి కాదు. మీరు చెప్పున్రి. గా డాక్టరుది ఏం కోరిక?”

“ఆమె... నా పేరు చెప్పిందా?”