మొరల పుస్తకంలో ఒక పావురం

1789 మార్చి. ఫ్రాన్సులో ఒక పల్లె. ఊరూరా ప్రజల మొరలు రాసి పంపమని రాజుగారి ఉత్తరం వచ్చింది. చర్చి పక్క గదిలో నోటరీ అన్సెల్మ్ రాస్తున్నాడు. రైతు భార్య మాతురీన్ ఎదురుగా నిలబడి ఉంది.

“మళ్ళీ చదవండి, నోటరీగారూ.”

“ఎన్నిసార్లమ్మా మాతురీన్. ‘ఆరో మొర. రేవులో ఓడల మీద వేసే సుంకం తగ్గించాలి.’”

“మనూళ్ళో ఓడలెక్కడున్నాయి? ఏట్లో బాతులు తప్ప ఏమీ తేలవు.”

“అది పట్నం నుంచి అచ్చేసి పంపిన నమూనా. పెద్ద పెద్ద చదువులవాళ్ళు కూర్చుని రాశారు. అన్ని ఊళ్ళవాళ్ళూ అదే ఎక్కిస్తున్నారు.”

“మరి పావురాల సంగతి రాయలేదా ఆ చదువులవాళ్ళు?”

“పావురాలా... అవి కోటలో ప్రభువుగారివి. చంపకూడదని చట్టం. వాటి జోలి మనకెందుకు?”

“బార్లీ చల్లిన మూడోనాటికి నా చేలో గింజ లేదు. మా ఆయన రాయి విసిరాడు. ఒక్కటంటే ఒక్కటి చచ్చింది. దానికి మనిషిని ఈడ్చుకుపోయి కోట కింద కొట్లో పడేశారు. రేపు పొద్దున గొలుసేసి తూలోన్ రేవుకి పంపిస్తారంట, చాకిరీకి. మనకీ రేవుతో పనిబడిందిగా, ఇప్పుడు రాయండి.”

“నెమ్మది, నెమ్మది. రాజుగారికే ఊపిరాడటం లేదు. సముద్రం అవతల ఎవరిదో యుద్ధానికి ఉన్నదంతా పోసేశారు. ఖజానాలో మిగిలింది అప్పుల వడ్డీకి చాలదు. ప్రభువుల్ని పన్ను కట్టమంటే మొహం తిప్పేసుకున్నారు. దిక్కుతోచక, నూట డెబ్బై అయిదేళ్ళ తర్వాత మహాసభ పిలిచారు. అంత సభలో నీ పావురాన్ని పెడితే నవ్వరూ?”

“నవ్వనీండి. దివాలా తీసినాయన కూడా కాస్త నవ్వుకోవాలిగా.”

“నవ్వేది నిన్ను కాదు, నన్ను. పైగా ప్రభువుగారి దస్తావేజులన్నీ నా దగ్గరే...”

“ఓహో. మీకూ ఆ గూటి గింజలే పడుతున్నాయన్నమాట.”

“మాట జాగ్రత్త.”

“జాగ్రత్తగానే అంటున్నా. ఆదివారం ఫాదరుగారు ఆ ఉత్తరం చదివితే నేనూ విన్నా. ఎంత మారుమూలవాడి మొరైనా నాకు చేరాలి అన్నారు రాజుగారు. నోటరీగారికి నచ్చితేనే అన్నారా?”

“అనలేదు.”

“మరి రాయండి.”

“సరే, మెత్తగా రాస్తా. ‘పక్షుల వల్ల రైతులకు కొంత అసౌకర్యం...’”

“అసౌకర్యమా? చెప్పులో రాయి పడితే అసౌకర్యం. పావురాలు అనండి. ప్రభువుగారి పావురాలు.”

“అబ్బబ్బ. ‘ప్రభువుగారి పావురాలు చేలు తినేస్తున్నాయి.’ చాలా?”

“చాలదు. వాటిని చంపితే తప్పు కాకూడదు. అందుకని పట్టుకుపోయిన మా బ్లేజ్‌ని వదిలెయ్యాలి. పేరుతో సహా రాయండి.”

“పేర్లు రాయకూడదమ్మా.”

“అయితే నేనిక్కణ్ణించి కదలను. మీ ఆవిడొచ్చి భోజనానికి పిలిచినా కదలను.”

“... రాశాను. పదిహేడో మొర. బ్లేజ్ పేరూ ఉంది. ఇలాంటి పుస్తకాలు వేలకి వేలు పోతున్నాయి, ఎవరు చదువుతారో ఏమో. నీ ముచ్చట తీరిందిగా?”

“ఎక్కడుందో వేలుపెట్టి చూపించండి.”

“ఇదిగో.”

“దాని కింద మీ సంతకం?”

“పెట్టాను తల్లీ.”

“సిరా ఆరిందా?”

“ఆరింది. ఇంక వెళ్ళు.”

“అయితే పోయినట్టే.”

“ఏది?”

“పావురాల చట్టం. బాధేమిటో రాయమన్నారు, రాశాం. ఇంకెక్కడుంది అది?”

“అయ్యో పిచ్చిదానా, ఇది మనవి. వట్టి మనవి. రాజుగారు చదవాలి, సభలో వాదించుకోవాలి, ఒప్పుకోవాలి. రెండేళ్ళు పట్టొచ్చు.”

“తీసేసే ఉద్దేశం లేకపోతే అడగడం దేనికి?”

“అడగడం వేరు, ఇవ్వడం వేరు... ఆ కిటికీ ఎందుకు తీస్తున్నావ్? ఎవరు వాళ్ళంతా? ఆ గొడ్డళ్ళేమిటి?”

“మనూరివాళ్ళే. ఇంతసేపూ రాజుగారి మాట కోసమే ఆగారు పాపం. ఏమయ్యో, రాతకెక్కింది. పోయి ఆ కొట్టు తలుపు పగలగొట్టండి. ఎవరన్నా అడ్డమొస్తే, నోటరీగారు సంతకం పెట్టారని చెప్పండి.”