ముందున్న అరవై ఆరు

నార్వేలోని ఓలెసుండ్‌లో, ఓడ ఇంజిన్లకు సాఫ్ట్‌వేర్ రాసే ఆఫీసులో కంప్యూటరు ముందు నిలబడి రాగ్న్‌ఫ్రిడ్, రిటైరైన తన పాత పైఅధికారి ఐలర్ట్‌కు ఫోను చేసింది.

"...రెండు ఇంజిన్లూ ఆగిపోయాయండీ. ఫెర్రీ రాళ్లవైపు కొట్టుకుపోతోంది. నలభై మంది ఉన్నారు. ఐలర్ట్ గారూ, వింటున్నారా?"

"వింటున్నా. ఎందుకు ఆగాయి?"

"ఆయిల్ ప్రెషర్ సున్నా అని ఆపేసుకుంటున్నాయి. ఆయిలేమో నిండుగా ఉంది! ఏంటి, నములుతున్నారా?"

"స్వేలె అట్టు. చల్లారిపోయింది."

"మీరు అట్లు కూడా పోస్తారా! ఇక్కడ నా ప్రాణం పోతోంది."

"మెమరీలో ప్రెషర్ గడిని ఏది చెరుపుతోంది?"

"దాని పక్క గడిలో వేగం రాసే ఆజ్ఞ. అది నడిచిన ప్రతిసారీ ప్రెషర్ తుడిచిపెట్టుకుపోతోంది."

"ఆజ్ఞ బైట్లు చదువు."

"అరవై ఆరు, ఎనభై తొమ్మిది, సున్నా ఏడు..."

"ఎనభై తొమ్మిదంటే మెమరీలో రాయమని. ఎంత రాయాలో ముందున్న అరవై ఆరు చెబుతుంది. అది ఉంటే రెండు బైట్లే."

"మరి పాత చిప్‌లా పనిచేసే మన నకలు ప్రాసెసర్ సాఫ్ట్‌వేర్ నాలుగు రాస్తోందే?"

"అరవై ఆరుని చూసీ చూడనట్టు దాటేస్తోంది."

"ఎవరండీ ఆ కోడ్ రాసిన మహానుభావుడు?"

"నేనే. పదకొండేళ్ల కిందట. అప్పటి ఇంజిన్ ప్రోగ్రాంలో ఈ అరవై ఆరు ఎక్కడా లేదు. ఎందుకులే అనుకున్నా."

"పోయిన వారమే ప్రోగ్రాం మార్చారు! ఎందుకులేనా? నలభై మందండీ, మీ ఎందుకులే..."

"తర్వాత తిట్టు, అమ్మాయ్. ముందు సరిచెయ్. అరవై ఆరు కనబడితే రెండే."

"చేశా. చేశా. కానీ ఆఫీసు టెస్ట్ బెంచి మీద పరీక్షించకుండా ఓడకి పంపకూడదు. ఆ రూలు పెట్టింది మీరే. ఇరవై నిమిషాలు పడుతుంది."

"రాళ్లకి తగలడానికి ఎంత టైముంది?"

"కెప్టెన్ ఆరు నిమిషాలంటున్నాడు."

"నాలుగే. పంపించు."

"మీకెవరు చెప్పారు నాలుగని?"

"పంపించు."

"తప్పయితే ఇక ఇంజిన్లు అసలు లేవవు! మీకేం, ఇంట్లో కాళ్లు చాపుకుని ఎన్నయినా చెబుతారు."

"పంపించమ్మా."

"బటన్ మీద వేలు పెట్టా. నొక్కమంటారా?"

"నొక్కు. నా కోడ్ నాకు తెలుసు. పంపించు."

"...పంపా. ప్రెషర్... నిలబడింది! ఐలర్ట్ గారూ, నిలబడింది! ఉండండి, కెప్టెన్ని అడుగుతా, ఇంజిన్లు..."

"స్టార్టయ్యాయి."

"మీకెలా తెలుసు?"

"కాళ్ల కింద నేల అదురుతోంది. ఉండు, ఈ లైఫ్ జాకెట్ విప్పనీ, నీ తిట్లు తీరిగ్గా వింటా."